కొడోన్యో నుంచి జెనీవా దాకా: ఏడు రోజుల నోటుపుస్తకం

2022 మార్చిలో నాకు వారం రోజుల సెలవు దొరికింది. ఇటలీలో కోవిడ్ కారణంగా విధించిన అత్యవసర పరిస్థితి అప్పటికి ఇంకా తొలగలేదు. ఆ నెల 31తో ముగుస్తుందని ప్రభుత్వం చెప్పింది. 2020లో వార్తల్లో పేర్లు విని, పటంలో వేలు పెట్టి వెతుక్కున్న ఊళ్ళను ఆ గడువు ముగియకముందే కళ్ళారా చూడాలనిపించింది. ఐరోపాలో మహమ్మారి మొదట విరుచుకుపడిన ఉత్తర ఇటలీ ప్రాంతం లొంబార్డీలో బయలుదేరి, టీకాలు ఎవరికెన్ని అని దేశాలు బేరాలాడుకున్న జెనీవాలో ఆగాలని దారి గీసుకున్నాను. ఆ రోజుల్లో రాసుకున్న నోటుపుస్తకమే ఈ కథనానికి ఆధారం. తరువాత జరిగిన సంగతులు ఒకటి రెండు ఇప్పుడు కలిపాను.

మొదటి రోజు: మార్చి 16, బుధవారం

మిలాన్ సెంట్రల్ స్టేషన్ పక్క వీధిలో, ఒక కాఫీ బార్ గుమ్మం దగ్గరే తొలి ఆటంకం ఎదురైంది. ఆ రోజుల్లో ఇటలీలో బార్ లోపల నిలబడి ఒక్క గుక్క కాఫీ తాగాలన్నా ‘సూపర్ గ్రీన్ పాస్’ చూపించాలి. అంటే టీకా వేయించుకున్నట్టో, కోవిడ్ వచ్చి తగ్గినట్టో ధ్రువపత్రం ఉండాలి. ఉద్యోగరీత్యా ఐరోపాకు వచ్చి అప్పటికి నాలుగు నెలలే అయింది కాబట్టి నా దగ్గర ఉన్నది కోవిషీల్డ్ ధ్రువపత్రం. బార్ నడిపే ఆవిడ దాని మీది క్యూఆర్ కోడ్‌కు తన ఫోను మూడుసార్లు పెట్టి చూశారు, మూడుసార్లూ తెర ఎర్రబడింది. “నేను కాదు, ఫోనే వద్దంటోంది” అని నొచ్చుకుంటూ, కాఫీని కాగితపు కప్పులో పోసి గుమ్మం బయటికి అందించారు.

కోవిషీల్డ్ అంటే పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన ఆస్ట్రాజెనెకా టీకాయే. అయితే ఐరోపా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది వాక్స్‌జెవ్రియా అన్న పేరుకూ, దాన్ని తయారుచేసే కొన్ని కర్మాగారాలకూ మాత్రమే గనుక, సీసాలోని మందు ఒకటే అయినా పైన అంటించిన పేరు వేరు కావడంతో కోవిషీల్డ్ ఆ ఉమ్మడి జాబితాలోకి ఎక్కలేదు. దాంతో ఒక్కో దేశం విడిగా గుర్తిస్తూ వచ్చింది. ఇటలీ 2021 సెప్టెంబరులో గుర్తించింది. కాగితం చూసి లోపలికి రానివ్వవచ్చని నిబంధన ఉన్నా, దుకాణాల్లో వాడే తనిఖీ యాప్‌కు ఐరోపా కోడ్‌లు తప్ప మరొకటి చదవడం వచ్చేది కాదు. ఆవిడను తప్పు పట్టడానికి ఏమీ లేదు. వారమంతా ‘ఫోనే వద్దంటోంది’ అన్న ఆ మాట నా వెంటే వచ్చింది.

కొడోన్యో చిన్న పట్టణం, మిలాన్ నుంచి రైలులో గంటలోపు ప్రయాణం. 2020 ఫిబ్రవరి 20న అక్కడి ఆసుపత్రిలో న్యుమోనియా మందులకు లొంగని 38 ఏళ్ళ రోగికి, చైనాతో సంబంధం ఉన్నవారికే పరీక్ష చేయాలన్న నిబంధనను పక్కనబెట్టి, మత్తువైద్యురాలు ఒకరు కరోనా పరీక్ష చేయించారు. ఆ రాత్రికే పాజిటివ్ అని తేలింది. మూడు రోజులు తిరక్కుండా లోదీ జిల్లాలో కొడోన్యోతో కలిపి పది ఊళ్ళనూ, వెనెటోలోని వో అనే ఊరినీ, మొత్తం దాదాపు 50,000 మందిని, పోలీసు కాపలా పెట్టి మూసేశారు. వో ఊళ్ళో ఉన్న సుమారు 3,300 మందిలో దాదాపు అందరికీ పరీక్షలు చేస్తే, సోకినవారిలో నూటికి నలభై మందికి పైగా ఏ లక్షణమూ లేదని బయటపడింది. దగ్గులేనివాడు కూడా అంటించగలడన్న మాటకు అంత గట్టి రుజువు అప్పటికి ఎక్కడా దొరకలేదు.

స్టేషన్ బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన, ఊరు మూసిన రోజుల్లో తన ఇంట్లోకి రైళ్ళ చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉండేదని చెప్పారు. రైళ్ళు నడిచేవి, కానీ కొడోన్యోలో ఆగేవి కావు. “అంతకు ముందు బండి వేగం తగ్గే చప్పుడును బట్టి టైము తెలిసేది. ఆ రెండు వారాలూ తగ్గనే లేదు,” అన్నారు.

రెండో రోజు: మార్చి 17, గురువారం

లొంబార్డీలోనే ఉన్న క్రేమా పట్టణపు ఆసుపత్రి పార్కింగ్ స్థలంలో చూడటానికి ఏమీ లేదు: తెల్ల గీతలు, గీతల మధ్య కార్లు. అయినా అక్కడే గంటసేపు తిరిగాను. 2020 మార్చి చివరి వారంలో ఇటలీ సైన్యం ఇక్కడ డేరాల ఆసుపత్రి వేస్తే, అందులో పనిచేయడానికి క్యూబా నుంచి 52 మంది వచ్చారు: 36 మంది డాక్టర్లు, 15 మంది నర్సులు, ఏర్పాట్లు చూసే మనిషి ఒకరు. వాళ్ళది హెన్రీ రీవ్ దళం. 2005లో కత్రినా తుఫాను అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు సాయం చేయడానికి ఫిదెల్ కాస్త్రో కూర్చిన దళమది. అమెరికా వద్దంది, దళం మాత్రం నిలిచింది. ఆ తరువాత అది ఎన్నో దేశాలు తిరిగింది.

ఆసుపత్రి ఎదుట బస్సు కోసం నిలబడ్డ ఒక విశ్రాంత నర్సు ఆ రోజులను గురించి ఎంతో ఇష్టంగా మాట్లాడారు. కరీబియన్ ఎండల నుంచి వచ్చినవాళ్ళకు ఆ మార్చి చలి కొత్త; ఊళ్ళోవాళ్ళు బీరువాల్లోంచి కోట్లు, స్వెటర్లు తీసి పంపారట. డేరాలో రోగికీ డాక్టరుకూ భాష సరిగా కలవకపోయినా, స్పానిష్‌లో ‘నొప్పి’ అన్నా ఇటాలియన్‌లో ‘నొప్పి’ అన్నా ఇద్దరికీ అర్థమయ్యేదట. దాదాపు రెండు నెలలు ఉండి వెళ్ళారు.

ఈ కథను ఇక్కడే ఆపితే అందంగానే ఉంటుంది, కానీ సగమే చెప్పినట్టవుతుంది. విదేశాలకు డాక్టర్లను పంపడం క్యూబా ప్రభుత్వానికి పెద్ద ఆదాయ మార్గం. చాలా దేశాల్లో డాక్టరు సంపాదనలో పెద్ద భాగం ప్రభుత్వానికే చేరుతుందనీ, వాళ్ళ రాకపోకల మీద ఆంక్షలున్నాయనీ మానవ హక్కుల సంఘాలు విమర్శిస్తూ వచ్చాయి. అమెరికా ఆ కారణం చూపించే ఈ దళాలను తీసుకోవద్దని ఇతర దేశాలకు చెప్పింది. ఆ విమర్శలో నిజముందనే నా అభిప్రాయం. అయితే ఆ మార్చిలో క్రేమాకు డాక్టర్లు కావలసి వచ్చినప్పుడు విమర్శించినవాళ్ళెవరూ రాలేదన్నది కూడా నిజమే.

పక్కవాళ్ళు ఏం చేశారు? మార్చి మొదటి వారంలో జర్మనీ మాస్కుల ఎగుమతిని నిషేధించింది, ఫ్రాన్స్ తన దేశంలోని మాస్కుల నిల్వలన్నీ స్వాధీనం చేసుకుంది. ఇటలీ సాయం కోరినప్పుడు తగినంతమంది ముందుకు రాలేదని ఏప్రిల్‌లో ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ ఐరోపా పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ నడుమ, మార్చి చివరలో, అల్బేనియా 30 మంది డాక్టర్లనూ నర్సులనూ లొంబార్డీలోని బ్రెష్యాకు పంపింది. తాము ధనికులం కాకపోయినా చేసిన మేలు మరిచేవాళ్ళం మాత్రం కామన్నట్టుగా మాట్లాడి ప్రధాని ఎడి రామా వాళ్ళను సాగనంపారు. 1991లో ఓడలెక్కి వచ్చిన వేలాది అల్బేనియన్లలో కొందరిని ఇటలీ ఆదుకుంది, ఎందరినో తిప్పిపంపింది; అది తెలిసినవాళ్ళకు ఆ మాటలోని బరువు తెలుస్తుంది. ఏడాది తరువాత, ఆక్సిజన్ కోసం భారతదేశం అల్లాడిపోతున్నప్పుడు, కెన్యా 12 టన్నుల టీ, కాఫీ, వేరుశనగలు పంపింది. ఆ సాయాన్ని సోషల్ మీడియాలో వెక్కిరించినవాళ్ళు మనలో ఉన్నారు. క్రేమా పార్కింగ్‌లో నిలబడి తలుచుకుంటే సిగ్గనిపించింది.

మూడో రోజు: మార్చి 18, శుక్రవారం

కోవిడ్ మృతుల జాతీయ సంస్మరణ దినంగా ఇటలీ ఈ తేదీని ఎంచుకోవడానికి కారణం లొంబార్డీలోని ఈ బెర్గామో నగరమే. 2020 మార్చి 18 రాత్రి, ఊరి దహనవాటిక రాత్రింబవళ్ళు పనిచేసినా సరిపోక, సైనిక లారీలు వరుసగా శవపేటికలను ఇతర ప్రాంతాలకు తరలించాయి. మేడమీది నుంచి ఎవరో ఫోనులో తీసిన ఆ ఫోటోను ఆనాడు చూడనివాళ్ళు అరుదు.

ఉదయం ప్రభుత్వ భవనాల మీద జెండాలు సగానికి దించి ఉన్నాయి. ట్రూకా పార్కులోని ‘జ్ఞాపకాల వనం’ ఊరి పెద్దాసుపత్రికి పక్కనే ఉంది. ఏడాది క్రితం ఇదే రోజున అప్పటి ప్రధాని మారియో ద్రాగి ప్రారంభించారు. వనమని పేరే గానీ, ఇంకా ఊతకర్రలకు కట్టిన సన్నని మొక్కలే. ఆ శీతాకాలం ఉత్తర ఇటలీలో వానలు లేవు, పో నది ఎండిపోతోందని పత్రికలు రాస్తున్నాయి. ఒకావిడ సంచీలోంచి నీళ్ళ సీసా తీసి ఒక మొక్క మొదట్లో పోశారు. సీసా సగం అయ్యాక ఒక్క క్షణం ఆగి, మిగిలిన సగం పక్క మొక్కకు పోశారు.

మధ్యాహ్నం శ్మశానానికి వెళ్ళాను. లాక్‌డౌన్ మొదలైన నాటి నుంచి 2020 మే మొదటి వారం దాకా ఇటలీలో అంత్యక్రియల సభలు నిషేధం. ఇంటి ముందు ఆంబులెన్స్ ఎక్కిన మనిషి మళ్ళీ కనపడేది అస్థికలపాత్రలోనే. చివరికి ఆ ఏడాది జూన్ 28న, అధ్యక్షుడు మత్తరెల్లా సమక్షంలో, ఈ శ్మశానం ముందే దొనిజెట్టి కూర్చిన మృతుల ప్రార్థనాసంగీతాన్ని వినిపించారు. దొనిజెట్టి ఈ ఊరివాడే. అప్పటికి ఏడుపు కూడా వాయిదా పడి మూడు నెలలైంది.

నాలుగో రోజు: మార్చి 19, శనివారం

బెర్గామో స్టేషన్ దగ్గర ట్రామ్ ఎక్కితే సేరియో నది లోయలోకి, అల్జానో, నెంబ్రో మీదుగా వెళ్తుంది. ఎక్కినవాళ్ళందరికీ ఎఫ్‌ఎఫ్‌పీ2 అనే బిగుతైన వడపోత మాస్కు అప్పట్లో తప్పనిసరి. నా మాస్కు చెవితాడు తెగితే ఎదుటి సీట్లోని కుర్రవాడు ఏమీ మాట్లాడకుండా బ్యాగులోంచి కొత్తది తీసి ఇచ్చాడు.

నెంబ్రోలో నేను ఎక్కువసేపు చూసినది గోడను. ఇటలీ పల్లెల్లో ఎవరైనా పోతే పేరు, వయసు, అంత్యక్రియల వేళ అచ్చువేసిన కాగితం గోడబోర్డు మీద అంటిస్తారు; పెళ్ళైన స్త్రీకైతే పుట్టింటి పేరూ ఉంటుంది, ఊళ్ళో పిలిచే ముద్దుపేరుంటే అదీ వేస్తారు. ఆ రోజు బోర్డు మీద మూడు కాగితాలున్నాయి. వాటి అంచుల కింద, చింపినా ఊడిరాని పాత కాగితాల పొరలు వేలి మందాన, గట్టిపడిన జిగురుతో ఉన్నాయి. 2020 మార్చిలో బోర్డులు చాలలేదని పక్కనే కూరగాయల సంచీతో నిలబడ్డాయన చెప్పారు. పత్రికలకూ అదే గతి పట్టింది: మామూలు రోజుల్లో రెండు మూడు పేజీలు దాటని మరణప్రకటనలు మార్చి 13న ‘లేకో ది బెర్గామో’ దినపత్రికలో పది పేజీలు నిండాయి.

ఇక రాజకీయం. కొడోన్యోను మూసినట్టే అల్జానో, నెంబ్రోలను కూడా మూయాలని మార్చి మొదటి వారంలో ప్రభుత్వ శాస్త్రీయ సలహా సంఘం సూచించింది. కాపలాకు బలగాలు కూడా దగ్గరికి వచ్చి ఆగాయి. మూసివేత ఉత్తర్వు మాత్రం రాలేదు. 8వ తేదీన లొంబార్డీ మొత్తాన్ని మూశాక వచ్చినవాళ్ళు వెనుదిరిగారు. ఈ లోయ నిండా కర్మాగారాలు. బెర్గామో పరుగు ఆగలేదని విదేశీ కొనుగోలుదారులకు ధైర్యం చెబుతూ పరిశ్రమల సంఘం ఫిబ్రవరి చివర వీడియో వదిలింది. మూయవలసింది మీరంటే మీరని రోము ప్రభుత్వమూ ప్రాంతీయ ప్రభుత్వమూ తరువాత వాదులాడుకున్నాయి. నేను వెళ్ళేనాటికి విచారణ సాగుతోంది. 2020లో ప్రధానిగా ఉన్న జుసెప్పె కోంతే, ఆరోగ్యమంత్రిగా ఉన్న స్పెరాంత్సాల మీద కేసును 2023 జూన్‌లో బ్రెష్యా న్యాయస్థానం కొట్టివేసింది.

“ఎవరినైనా జైల్లో పెట్టాలని కాదు,” అన్నారు కూరగాయల సంచీ ఆయన. “ఆ అయిదు రోజుల్లో ఎవరు ఎవరికి ఫోను చేశారో తెలిస్తే చాలు.”

అయిదో రోజు: మార్చి 20, ఆదివారం

పొద్దున పత్రికల్లో ఒకటే గొడవ. యుక్రెయిన్ మీద యుద్ధం మొదలై నెల కావస్తోంది; ఇటలీ ఆంక్షలకు పట్టుబడితే తిరిగిరాని పరిణామాలుంటాయని రష్యా విదేశాంగ శాఖ అధికారి పరమోనొవ్ ముందురోజు హెచ్చరించారు. హెచ్చరిస్తూ, 2020లో మహమ్మారి సాయం అడిగినవాళ్ళలో ఇటలీ అప్పటి రక్షణమంత్రి గ్వెరీనీ కూడా ఉన్నారని గుర్తుచేశారు. నిజమే, ఆ మార్చిలో వందమందికి పైగా రష్యన్ సైనిక సిబ్బంది విమానాల్లో దిగి బెర్గామో వృద్ధాశ్రమాలను శుభ్రం చేశారు, అక్కడి తాత్కాలిక ఆసుపత్రిలో పనిచేశారు. ప్రేమతో రష్యా నుంచి అని పెట్టెల మీద అంటించారు కూడా. రెండేళ్ళకు ఆ ప్రేమకు రసీదు వచ్చింది. గ్వెరీనీ లోదీవాడు, కొడోన్యో ఉన్న జిల్లావాడు కావడం యాదృచ్ఛికమే కావచ్చు.

మిలాన్ నుంచి జెనీవాకు రైలు నాలుగు గంటలు. సింప్లన్ సొరంగం పొడవు దాదాపు 20 కిలోమీటర్లు. ఇవతల ఇటలీలో ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు తప్పనిసరి, అవతల స్విట్జర్లాండ్‌లో మామూలు గుడ్డ మాస్కు చాలు. బ్రిగ్ స్టేషన్ రాగానే పెట్టెలో సగం మంది బిగుతు మాస్కులు తీసి జేబులో పెట్టుకున్నారు. వైరస్ కూడా సొరంగంలో నిబంధనలు మార్చుకుందేమో. పక్కసీటు స్విస్ మహిళ, తమ దేశంలో కోవిడ్ పాస్ చట్టం ఉండాలా వద్దా అని నవంబరులో ఓటు వేసినట్టు, నూటికి 62 మంది ఉండాలన్నట్టు చెప్పారు. తాను వద్దన్నానని కూడా చెప్పారు. పాస్ మాత్రం చివరిదాకా చూపించిందట.

ఆరో రోజు: మార్చి 21, సోమవారం

ప్రపంచ ఆరోగ్య సంస్థ భవనం ముందు దాకా బస్సు వెళ్తుంది; లోపలికి నాలాంటివాళ్ళకు ప్రవేశం లేదు. 2020 జనవరి 30న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ఇక్కడే ప్రకటించారు, 2023 మే 5న ఇక్కడే ముగించారు. సరస్సు ఒడ్డున ప్రపంచ వాణిజ్య సంస్థ ఉంది. నేను చూడాలనుకున్నది అదే.

2020 అక్టోబరు 2న భారతదేశం, దక్షిణాఫ్రికా ఇక్కడ ఒక ప్రతిపాదన పెట్టాయి: మహమ్మారి తగ్గేదాకా టీకాలు, మందులు, పరీక్షా పరికరాల మీద పేటెంట్ల వంటి హక్కులను పక్కనబెడదామని. వందకు పైగా దేశాలు సరేనన్నాయి. ఐరోపా సమాఖ్య, బ్రిటన్, స్విట్జర్లాండ్ ఒప్పుకోలేదు. అమెరికా 2021 మేలో టీకాల వరకు ఒప్పుకుంది. 2021 నవంబరు చివర మంత్రుల సమావేశం జరగాలి. అప్పుడే దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ రకాన్ని గుర్తించి, దాచకుండా లోకానికి చెప్పారు. చెప్పిన రెండు మూడు రోజుల్లోనే ఆఫ్రికా దక్షిణ దేశాల విమానాలకు సంపన్న దేశాలు తలుపులు మూశాయి. ప్రతినిధులు రాలేని స్థితి వచ్చి సమావేశమే వాయిదా పడింది. టీకాలు అందరికీ ఎలా అందాలన్న చర్చ, టీకాలు అందని చోట పుట్టిన భయంతోనే ఆగిపోయింది. నేను ఒడ్డున నడిచిన ఆ మార్చిలోనే ఐరోపా సమాఖ్య, అమెరికా, భారతదేశం, దక్షిణాఫ్రికాల రాజీ ముసాయిదా బయటికి పొక్కింది. జూన్ 17న కుదిరిన ఒప్పందం టీకాలకే పరిమితమైంది, అదీ అయిదేళ్ళకు. పరీక్షల మీదా మందుల మీదా ఆరు నెలల్లో తేలుస్తామన్నారు, తేల్చలేదు.

భారతదేశం ఆ ప్రతిపాదన పెట్టినందుకు నాకు గర్వంగానే ఉండేది. బల్లమీద కూర్చుని లెక్క వేసుకుంటే అంత తేలిక కాదనిపించింది. పేద దేశాలకు టీకాలు అందించేందుకు ఏర్పడ్డ కోవాక్స్ ప్రధానంగా సీరం ఇన్‌స్టిట్యూట్ మీదే ఆధారపడింది. 2021 మార్చిలో, రెండో అల ముంచుకొస్తుండగా, భారతదేశం ఎగుమతులు ఆపేసింది. కోవాక్స్‌కు మళ్ళీ పంపినది నవంబరులో. కోవాక్స్ వందకోట్లవ డోసు రువాండాలో దిగినది 2022 జనవరిలో. అప్పటికి అత్యల్పాదాయ దేశాల్లో పదిమందిలో ఒకరికి అటూ ఇటుగా మాత్రమే కనీసం ఒక డోసు పడింది. నా రెండో డోసు 2021 అక్టోబరులో, కోవాక్స్‌కు ఎగుమతులు ఆగి ఉన్న ఆ నెలల్లోనే. ఆ సీసా లెక్కప్రకారం ఎవరికి చేరవలసిందో నాకు తెలిసే దారి లేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మన శ్మశానాలు చూసిన ఎవరూ ఎగుమతి ఆపడం తప్పని తేలికగా అనలేరు, నేనూ అనను. జర్మనీ మాస్కులు ఆపినప్పుడు వాళ్ళ మంత్రికీ తన జనమే కనిపించి ఉంటారు.

ఏడో రోజు: మార్చి 22, మంగళవారం

తిరుగు రైలుకు ముందు వెర్నే ఐస్ రింక్ దగ్గరికి వెళ్ళాను. 2020 మేలో, లోకంలోని సంపన్న నగరాల్లో ఒకటైన జెనీవాలో, శనివారాలు ఇక్కడ ఆహారపు సంచుల కోసం కిలోమీటరుకు మించిన వరుస నిలబడింది. సుమారు 20 ఫ్రాంకుల సరుకులున్న సంచీ కోసం తెల్లవారుజాము నుంచి నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, కాగితాలు లేని వలసకార్మికులు. లాక్‌డౌన్‌తో జీతం ఆగినా ప్రభుత్వ పరిహారం అడిగే హక్కు లేనివాళ్ళు. ‘సంఘీభావ బృందం’ అనే అర్థం వచ్చే పేరుతో కొందరు పౌరులు వీధుల్లో మొదలుపెట్టిన పంపిణీయే అక్కడి దాకా పెరిగింది. ఆ సెప్టెంబరులో జెనీవా ఓటర్లు గంటకు 23 ఫ్రాంకుల కనీస వేతనాన్ని ఆమోదించారు. ఆ వరుస చూశాకే ఓటు మారిందని చెప్పలేను గానీ, చూడకుండా ఓటేసినవాళ్ళు తక్కువే అయి ఉండాలి.

రింక్ ఎదుటి ట్రామ్ స్టాపులో, శుభ్రపరిచే పనిచేసే ఒకావిడ నా ప్రశ్నకు మొదట జవాబు చెప్పలేదు, తరువాత తానే మొదలుపెట్టారు. సంచీలో బియ్యం, పాస్తా, నూనె, సబ్బు ఉండేవి. రెండు మీటర్లకొకరు నిలబడేలా నేల మీద గుర్తులు పెట్టారు. మొదటి శనివారం నాలుగు గంటలు పట్టింది. మధ్యలో కూతురు ఫోను చేస్తే వరుస వదిలి పక్కకు వెళ్ళవలసి వచ్చింది. ముందున్న మనిషి తన సంచీని ఆవిడ గుర్తు మీద పెట్టి, చోటు పోకుండా కాపాడింది. మాటల్లో తెలిసిందేమంటే ఆ మనిషి ఆరేళ్ళుగా అదే వీధిలో, ఎదుటి భవనంలో పనిచేస్తోంది. అన్నాళ్ళూ ఇద్దరూ ఒకే బస్సులో వచ్చారు, ఒక్కసారీ మాట్లాడుకోలేదు.

“ఇప్పుడు మాట్లాడుకుంటారా?” అని అడిగాను.

“ఆమె ఇప్పుడు ఇక్కడ లేదు. కాగితాలు రాలేదు,” అని, వచ్చిన ట్రామ్ ఎక్కేముందు చేతిసంచీలోంచి మాస్కు తీసి పెట్టుకున్నారు.